చిన్న ఇంటికి ముందు కావాల్సింది ఖాళీ నేల

చిన్న ఇంటిని తక్కువ ఖర్చులో ఎలా బాగుచేసుకోవాలని అడిగేవాళ్ళకి నేను ముందు రంగుల గురించి చెప్పను. మంచం కొలత అడుగుతాను. తర్వాత సోఫా కొలత. బీరువా ఏ గోడకి ఉంది, దాని వెనక కిటికీ ఏమైనా మూసుకుపోయిందా అని అడుగుతాను. చాలాసార్లు అక్కడికే సగం సంగతి తేలిపోతుంది. రెండు గదుల ఇంట్లో నాలుగు గదుల సామాను పెట్టుకుంటున్నాం. అది చాలదన్నట్టు అందం కోసమని ఇంకో పది వస్తువులు కొంటున్నాం. మన ఇళ్ళని ఇరుకు చేస్తున్నది ఇదేనని నా గట్టి నమ్మకం.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. 10×10 గది అంటే 100 చదరపు అడుగులు. అందులో కింగ్ సైజు మంచం 6×6.5, అంటే 39 అడుగులు దానికే పోయాయి. తలవైపు చెక్క, పక్క చెక్కలు కలిపితే ఇంకో మూడు నాలుగు. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న బీరువాకి నాలుగున్నర అడుగులు, దాని తలుపులు తెరవడానికి ఇంకో నాలుగున్నర. డ్రెస్సింగ్ టేబుల్, దాని స్టూలు. లోపలికి తెరుచుకునే గది తలుపు తిరగడానికి కావాల్సిన చోటు. ఇవన్నీ పోగా మిగిలేది మంచం చుట్టూ సందులే. అక్కడ పిల్లవాడు కూర్చుని హోంవర్క్ చేసుకోలేడు, ఇస్త్రీ చేసుకోవడానికి దుప్పటి పరచలేం. ఎనిమిది గంటల నిద్ర కోసం పెట్టిన మంచం మిగిలిన పదహారు గంటలూ గదిని పట్టుకు కూర్చుంటుంది.

ఇది ఎవరో కొద్దిమంది కష్టం కాదు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ పథకం కింద కట్టిన ఇల్లు 560 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగుల సైజుల్లో కట్టారు. పట్టణాల్లో సెంటు స్థలంలో ఇళ్ళు కట్టుకున్న కుటుంబాలున్నాయి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, అంతే. ఇక హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో సింగిల్ రూములు, రెండు గదుల పోర్షన్లు అద్దెకి తీసుకుని ఉంటున్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మేమూ వాళ్ళలోనే ఉన్నాం. మాది పై అంతస్తులో రెండు గదులు, వంటిల్లు. కానీ ఇంటిని అందంగా ఉంచుకోవడం గురించి మనకి కనిపించే వీడియోలు, ఫొటోలు అన్నీ 1200 అడుగుల ఫ్లాట్లవే. వాటిని చూసి చిన్న ఇంట్లో అవే చేయబోతాం. హాలు 10×9 ఉన్నా ఎల్ షేపు సోఫా, టీవీ యూనిట్, సెంటర్ టేబుల్, ఫాల్స్ సీలింగ్ కావాలనుకుంటాం.

అసలు ఈ పెద్ద సామాను చిన్న ఇంట్లోకి ఎలా వస్తోంది? చాలా ఇళ్ళలో సారెతో వస్తోంది. ఆడపిల్ల తల్లిదండ్రులు అప్పు చేసైనా డబుల్ కాట్ మంచం, పరుపు, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ పెడతారు. ఈమధ్య సోఫా, వాషింగ్ మెషీన్ కూడా చేరాయి. అమ్మాయి వెళ్ళబోయే ఇంట్లో గది ఎంతుందో కొనేటప్పుడు ఎవరూ కొలవరు. లారీలో సామాను దిగుతుంది, నలుగురూ చూస్తారు, ఆ పూటకి మర్యాద దక్కుతుంది. ఆ తర్వాత కొత్త దంపతులు ఏళ్ళ తరబడి మంచం మూలలకి మోకాళ్ళు కొట్టుకుంటూ తిరుగుతారు. అమ్మేద్దామంటే పుట్టింటివాళ్ళు పెట్టింది, మనసొప్పదు. ఇల్లు మారిన ప్రతిసారీ దాన్ని విప్పి, మోసి, మళ్ళీ బిగించాలి. మా బంధువుల్లో ఒకమ్మాయి పెళ్ళి మాట్లాడుతున్నప్పుడు నేను వాళ్ళ నాన్నతో గట్టిగానే చెప్పాను. బాబాయ్, సామాను కొనకండి, ఆ డబ్బు దాని పేరున బ్యాంకులో వేయండి, కాపురం పెట్టాక గది చూసుకుని వాళ్ళకి కావాల్సింది వాళ్ళే కొనుక్కుంటారు అని. నలుగురూ ఏమనుకుంటారు అన్నారాయన. ఆ నలుగురూ ఆ గదిలో ఉండరు కదా.

మన పాత ఇళ్ళు పెద్దవేం కావు. అమ్మమ్మగారి ఇల్లు నాకు బాగా గుర్తుంది. ఒక పెద్ద గది, వసారా, వెనక వంటిల్లు. ఆ ఒక్క గదిలోనే తినడం, పడుకోవడం, చుట్టాలు రావడం, పండగలు, పురుళ్ళు అన్నీ జరిగాయి. ఎలా సరిపోయిందంటే నేల మీద ఏదీ శాశ్వతంగా ఉండేది కాదు. బట్టలకి దండెం, తువ్వాళ్ళకీ చొక్కాలకీ చిలక్కొయ్యలు, దీపానికీ చిన్నాచితకా వస్తువులకీ గోడలో గూళ్ళు, ఏడాదికోసారి వాడే గంగాళాలకీ గుండిగలకీ అటక, పాలూ పెరుగూ పిల్లికి అందకుండా ఉట్టి. రాత్రి చాపలు, బొంతలు పరుచుకునేవారు. తెల్లారితే చుట్టి మూల పెట్టేవారు. ఇలా అంటే పాత రోజులే బాగుండేవని కాదు. ఆ ఇంట్లో వెలుతురు తక్కువ, పొయ్యి పొగకి అమ్మమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, స్నానాలగదికి తలుపు కూడా సరిగ్గా లేదు. ఆ కష్టాలు మళ్ళీ ఎవరికీ వద్దు. కానీ ఒకే గదిని పూటకో రకంగా వాడుకునే తెలివి ఆ ఇళ్ళలో ఉంది. గోడ మోయగలిగినంత గోడ మీద పెట్టి, నేలని మనుషులకి వదిలిన ఇళ్ళు అవి. అది పోగొట్టుకున్నాకే మనకి ఇరుకు తెలిసొచ్చింది.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింద పడుకోలేరు, నిజమే. మా అత్తయ్యకి కింద కూర్చుంటే లేవడం కష్టం. అలాంటి ఇంట్లో మంచం ఉండి తీరాలి. అయితే ఆరడుగుల వెడల్పు మంచం ఒకటి పెట్టేకంటే మూడడుగుల మంచాలు రెండు పెట్టుకుంటే గది స్వరూపమే మారిపోతుంది. పగలు రెండూ రెండు గోడలకి ఆనించి, మీద నేత దుప్పటి పరిచి, నాలుగు దిళ్ళు గోడకి వేస్తే అవే దివాన్లు. వచ్చినవాళ్ళు హాయిగా కూర్చుంటారు. రాత్రి దగ్గరికి జరిపితే డబుల్ కాట్. సోఫా అవసరమే లేదు. సోఫాలో మనిషి పడుకోలేడు, దాని కింద సామాను పట్టదు, కవర్లు ఉతకడం కష్టం, వేసవిలో రెగ్జిన్ ఒంటికి అంటుకుంటుంది. చిన్న ఇంట్లో ఇన్ని లోటులున్న వస్తువుకి ఇరవై అడుగుల నేల ఇవ్వడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. మంచాలు ఎత్తుగా చేయించుకుంటే వాటి కింద ట్రంకుపెట్టెలు, బియ్యం డబ్బా పడతాయి. ఇంకా మనుషులొస్తే మడత కుర్చీలు ఉంటాయి, వాటిని మేకుకి తగిలించేయొచ్చు. పడుకునేందుకు దూది పరుపు వాడితే ఇంకో లాభం, చుట్టిపెట్టొచ్చు. గట్టిపడితే దూది ఏకించి మళ్ళీ కుట్టించుకోవచ్చు. ఫోమ్ పరుపు కుంగితే పారేయడమే.

నేల ఖాళీ అయ్యాక డబ్బు పెట్టాల్సింది వెలుతురు మీద. మన చిన్న ఇళ్ళు అందంగా కనిపించకపోవడానికి సామాను తర్వాత పెద్ద కారణం చీకటి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం పొడి వేడి ఉండే ప్రాంతాల్లో కిటికీల మొత్తం వైశాల్యం గది నేలలో పదో వంతు, కోస్తాలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలి. అంటే నెల్లూరులోనో కాకినాడలోనో 10×10 గదికి దగ్గరదగ్గర 4×4 కిటికీ కావాలి. మనం ఏం చేస్తాం? ఉన్న మూడడుగుల కిటికీకి బీరువా అడ్డం పెడతాం, లేదా పక్కింటివాళ్ళకి కనిపిస్తామని మందపాటి కర్టెన్ వేసి పగలే ట్యూబ్‌లైటు వెలిగిస్తాం. పక్కింటి గోడ మూడడుగుల దూరంలో ఉన్న పోర్షన్లలో ఈ బాధ నాకు తెలుసు. దానికి అద్దానికి అంటించే ఫ్రాస్టెడ్ స్టిక్కర్ చాలు. మనిషి కనిపించడు, వెలుతురు ఆగదు. సందులో ఎదురుగా ఉన్న గోడకి తెల్ల సున్నం కొట్టించగలిగితే ఇంకా మంచిది, ఆ గోడ మీద పడ్డ ఎండ తిరిగి మన కిటికీలోకి వస్తుంది. పక్కవాళ్ళని అడిగి మేమే కొట్టించాం. వాళ్ళూ సంతోషించారు.

రాత్రి లైట్ల విషయంలో బల్బు డబ్బా మీద రాసింది చదవండి. 6500కె అంటే కూల్ డేలైట్, నీలిగా తెల్లటి వెలుగు. 3000కె అంటే వార్మ్ వైట్, పాత బల్బులా పసుపుపచ్చటి వెలుగు. మనవాళ్ళు ఇంటినిండా 6500 ట్యూబులే పెట్టుకుంటారు. చదువుకీ వంటకీ అది పనికొస్తుంది. కానీ సాయంత్రం పనులయ్యాక కూర్చునే మూలలో ఒక వార్మ్ వైట్ బల్బు, అదీ పైకప్పున కాకుండా నడుము ఎత్తులో ఉంటే, అదే గది వేరేగా అనిపిస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాదాపు 900 ల్యూమెన్ల వెలుగిస్తుంది, ధర వంద రూపాయల చుట్టుపక్కల. ఇంత తక్కువ డబ్బుకి ఇంత మార్పు తెచ్చే వస్తువు ఇంకోటి నాకు తెలియదు. కిటికీకి ఎదురు గోడన ఒక నిలువుటద్దం పెడితే పగటి వెలుతురు గది లోపలి దాకా చేరుతుంది.

గోడల దగ్గరికొస్తే నాకు కోపం వచ్చే సంగతి ఒకటుంది. చెమ్మ పట్టి పెచ్చులూడిన గోడ మీద ఇటుకల డిజైను ఫోమ్ స్టిక్కర్లు అంటించడం. ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతున్నాయి, చూడ్డానికి శుభ్రంగానే ఉంటాయి. కానీ వెనక చెమ్మ అలాగే ఉంటుంది, ఆరడానికి దారి లేక బూజు పడుతుంది. ఆ గదిలో పిల్లలకి దగ్గు తగ్గదు. ఖాళీ చేసేటప్పుడు పీకితే రంగుతో సహా ఊడొస్తుంది, ఓనరు అడ్వాన్సులో కోసుకుంటారు. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో ముందు తెలుసుకోవాలి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. కాగితం లోపలివైపు నీటి బొట్లు పడితే తడి గోడలోంచి వస్తోందని అర్థం. గదివైపున పడితే గదిలో గాలి ఆడట్లేదని అర్థం. గోడలోంచి వస్తే అవతల బాత్‌రూమ్ పైపో, పైకప్పు పగులో, పునాది నుంచి ఎగబాకే తడో కారణం. అది బాగుచేయించడం ఓనరు పని, అడగడానికి మొహమాటపడకండి. బాగయ్యాక, గోడ పూర్తిగా ఆరాక లేత రంగు వేసుకోండి. పైకప్పు మాత్రం తెల్లగానే ఉండాలి.

మాది పై అంతస్తని చెప్పాను కదా. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదింటికి కూడా శ్లాబు వేడి దిగేది కాదు, ఫ్యాను వేడిగాలి కొట్టేది. అలాంటి గదిలో ఎంత మంచి కర్టెన్ వేలాడదీసినా ఎవరికి కావాలి? తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఎండని తిప్పికొట్టే తెల్లటి పైకప్పులు పెరగాలన్నది దాని ఉద్దేశం. అందుకు ఖరీదైన పెయింటే అక్కర్లేదు, సున్నం కూడా పనిచేస్తుంది. ఓనరు గారిని ఒప్పించి, సామానుకి సగం మేం పెట్టుకుని, మా ఆయనా నేనూ కొట్టాం. మేడ శుభ్రంగా ఊడ్చి కడిగి, నానబెట్టి వడగట్టిన సున్నంలో పట్టు కోసం కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయాలి. సున్నం నీళ్ళలో పడగానే కుతకుత ఉడుకుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. గదిలో వేడి రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. వానలకి కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా శివరాత్రి దాటాక మళ్ళీ వేయాలి. ఫాల్స్ సీలింగ్ వేయిస్తే చల్లగా ఉంటుందని ఒక ఇంటీరియర్ షాపతను చెప్పాడు. తొమ్మిదిన్నర అడుగుల గదిలో అరడుగుకి పైగా ఎత్తు పోగొట్టుకుని, ఫ్యాను ఇంకా కిందికి దించుకుని, అద్దె ఇంటికి అంత డబ్బు పోయడం నాకైతే అసలు నచ్చలేదు.

కర్టెన్లకి అమ్మ నేత చీరల కంటే మంచి గుడ్డ నేను చూడలేదు. చీర అయిదున్నర మీటర్లు, దాదాపు నాలుగడుగుల పన్నా. ఏడడుగుల గుమ్మానికి రెండు ముక్కలు తీసినా ఇంకా మూడడుగుల పైన మిగులుతుంది, దాంతో చిన్న కిటికీకి ఒకటొస్తుంది. మంగళగిరి చీరైతే అంచు కింది వరసకి కాకుండా పక్కకి నిలువుగా వస్తుంది, అదే అందం. ఉతికిన కొద్దీ మెత్తబడ్డ నూలు గుడ్డ గాలిని ఆపదు, వెలుతురుని పూర్తిగా మింగదు. కుట్టుకూలి తప్ప ఖర్చు లేదు. పాలిస్టర్ కర్టెన్లు మెరుస్తాయి గానీ ఉక్కపోత గదిలో అవి నాకు ఊపిరాడనివ్వవు.

సామాను పెట్టుకోవడానికి నా ఓటు స్లాటెడ్ యాంగిల్ ర్యాక్‌కి, అంటే చిల్లులున్న ఇనప పట్టీలకి అరలు బిగించే ర్యాక్‌కి. ఇనప సామాన్ల కొట్లలో కొలత చెబితే కోసి బిగించి ఇస్తారు. గోడ వెడల్పుని బట్టి చేయించుకోవచ్చు, అరలు పైకీ కిందికీ జరుపుకోవచ్చు, ఇల్లు మారితే విప్పి కట్ట కట్టుకుని తీసుకుపోవచ్చు. ముందు ఒక నూలు తెర వేలాడదీస్తే బీరువాలానే ఉంటుంది, తలుపులు తెరవడానికి చోటు వదలక్కర్లేదు. చెక్క కబోర్డే కావాలంటే పార్టికల్ బోర్డు జోలికి వెళ్ళొద్దు, తడి తగిలితే ఉబ్బిపోతుంది. ప్లైవుడ్ మీద ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకానికి, ఐఎస్ 710 అని ఉంటే నీళ్ళని తట్టుకునేది. వంటింటి సింకు దగ్గర రెండోదే పెట్టాలి.

వంటిల్లు గురించి ఎక్కువ చెప్పను. గోడకి బిగించే స్టీలు ప్లేట్ల స్టాండు, దాని మీద వరసగా కంచాలు, గ్లాసులు. తళతళలాడే స్టీలు సామాను దాచిపెట్టాల్సిన వస్తువని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇవన్నీ అయ్యాక, అప్పుడు అలంకారం. ఒక్కటి కొనండి, చేత్తో చేసింది కొనండి. ప్లాస్టిక్ పూలకుండీలు పది పెట్టే చోట ఏటికొప్పాక లక్క బొమ్మ ఒకటి చాలు. అంకుడు కర్రని చిత్రిక పట్టి, లక్కలో చెట్ల నుంచి తీసిన రంగులు కలిపి ఎక్కిస్తారు. గుడ్డ మీద గీసే చేర్యాల నకాశీ బొమ్మ చిన్న సైజులోనూ దొరుకుతుంది. ఎర్రటి నేపథ్యం మీద ఆ పసుపు, నీలం చూస్తుంటే తెల్లగోడకి ప్రాణం వస్తుంది. నేల మీదికి వరంగల్ దర్రీ. 2018లో దానికి జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకుగా భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలుది కాబట్టి ఉతుక్కోవచ్చు, అవసరం లేనప్పుడు చుట్టి మంచం కిందికి తోసేయొచ్చు. ఖాళీ ఉన్న ఇంట్లోనే ఇలాంటి వస్తువు కంటికి ఆనుతుంది. వాటికి పెట్టిన ప్రతి రూపాయీ మన ఊళ్ళలో పనిచేసే చేతులకి చేరడం నాకు ఇంకా ఇష్టం.

పదివేలుంటే నేనైతే ఇంచుమించు ఇలా పెడతాను. మూడువేలు ర్యాక్‌కి, వెయ్యి నుంచి పన్నెండు వందల దాకా లైట్లకీ అద్దం స్టిక్కర్‌కీ, పదిహేను వందలు మేడ మీద సున్నానికి, ఇంకో పదిహేను వందలు ఒక గోడకీ పైకప్పుకీ రంగుకి, మూడొందలు కర్టెన్ల కుట్టుకూలికి. మిగిలిన రెండున్నర వేలలో దర్రీ ఒకటి, బొమ్మ ఒకటి. అద్దె ఇంటికి ఇంత ఎందుకు అనేవాళ్ళున్నారు. ఇందులో సున్నం, రంగు, అద్దం స్టిక్కర్ తప్ప మిగతావన్నీ మనతో వచ్చేవే. పైగా అద్దె ఇల్లైనా అందులో గడిచే ఏళ్ళు మనవే కదా. సొంత ఇల్లు వచ్చేదాకా అందంగా బతకడం వాయిదా వేస్తే పిల్లల బాల్యం అంతా ఆ వాయిదాలోనే పోతుంది.

ఇంకో మాట ఇళ్ళు కట్టేవాళ్ళతో, కట్టించే ప్రభుత్వాలతో. మా చెల్లెలు ఉండే ఫ్లాటు షియర్ వాల్ పద్ధతిలో కట్టింది. గోడలన్నీ కాంక్రీటే. మేకు దిగదు, హ్యామర్ డ్రిల్ తెప్పించాలి. గోడ తొలిచి గూడు చేసుకోవడం అసలు కుదరదు, గోడే ఇంటిని మోస్తోంది కాబట్టి ముట్టుకోకూడదు కూడా. అలాంటి ఇంట్లో గూళ్ళు, అరలు ఉండాలంటే ప్లాను గీసేటప్పుడే ఉండాలి. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో తక్కువ ఖర్చు ఇళ్ళు కట్టినప్పుడు కూర్చునే అరుగులూ గోడ గూళ్ళూ ఇటుకతోనే కలిపి కట్టేవారు, ఇంట్లో దిగేవాళ్ళకి ఫర్నిచర్ ఖర్చు తగ్గేది. మన దగ్గర కడప బండలకి కొదవ లేదు, వంటింటి అరలకి ఎప్పటి నుంచో వాడుతున్నాం. ప్రతి గదిలో ఒక గోడకి నేల నుంచి పైదాకా బండ అరలు, గుమ్మం పైన అటక, తలుపు పక్కన నాలుగు కొక్కేలు, బరువు మోసే దండెం కోసం రెండు గోడలకీ రింగులు. 300 అడుగుల ఇల్లు ఇచ్చేటప్పుడు ఇవి కట్టి ఇవ్వాలి. లేకపోతే గృహప్రవేశం అయిన మర్నాడే ఆ కుటుంబం అప్పు చేసి బీరువా కొంటుంది, ఇచ్చిన 300 అడుగుల్లో పది దానికి పోతాయి. కాలనీ ప్లానుల మీద జనం అభిప్రాయం అడిగినప్పుడు ఆడవాళ్ళు వెళ్ళి ఈ అరల సంగతి అడగాలి, కొలతలతో సహా.